వర్మ దయ్యాలు: ముప్పై ఏళ్ల తగువు

రాంగోపాల్ వర్మ పేరెత్తితే ఒకరికి ‘శివ’లో సైకిల్ చైన్ గుర్తొస్తుంది, ఇంకొకరికి రాత్రిళ్లు పెట్టే పోస్టులు గుర్తొస్తాయి. ఆయన దయ్యాల సినిమాల సంగతి వచ్చిందా, మాట అంత తేలిగ్గా తెగదు. 1992లో ‘రాత్రి’తో మొదలైన ఈ వరస 2021లో ‘12 ఓ క్లాక్’ దాకా సాగింది. మధ్యలో మాఫియా సినిమాలు తీశాడు, రాజకీయ సినిమాలు తీశాడు, మళ్లీ మళ్లీ తిరిగి దయ్యం దగ్గరికే వచ్చాడు. తెలుగు నుంచి వెళ్లి ఇంత కాలం ఈ కోవను వదలకుండా పట్టుకున్న దర్శకుడు మరొకరు కనిపించరు.

అయినా ఆ పని విలువ ఎంత అన్నది తేలలేదు. భారతీయ హారర్‌కు కొత్త నడక నేర్పినవాడని కొందరు, మూడు సినిమాల సరుకును పదిహేను సినిమాలకు సాగదీశాడని మరికొందరు. సినిమాతో పని లేకుండా, ఊళ్లలో చేతబడి భయానికి ఊపిరి పోశాడని తప్పుపట్టేవాళ్లు ఇంకో వైపు. మూడు పక్షాల దగ్గరా బలమైన సాక్ష్యాలే ఉన్నాయి. చిక్కేమిటంటే ఒక్కో పక్షం ఒక్కో సినిమాను ముందు పెట్టుకుని మాట్లాడుతుంది. ‘భూత్’ చూసి తీర్పు చెప్పేవాడూ, ‘ఐస్‌క్రీమ్’ చూసి తీర్పు చెప్పేవాడూ ఒకే మనిషి గురించి మాట్లాడుతున్నట్టు అనిపించదు.

వర్మకు ముందు

తెలుగు తెరకు మాంత్రికుడు కొత్త కాదు. 1951లో ‘పాతాళభైరవి’లో ఎస్.వి. రంగారావు వేసిన నేపాళ మాంత్రికుడు పిల్లల్ని బెదిరించడానికి పనికొచ్చేంత పెద్ద పాత్ర. కానీ అది జానపదం. అక్కడ భయం కత్తియుద్ధాలకూ పాటలకూ మధ్య ఒక దినుసు మాత్రమే. 1966లో వచ్చిన ‘ఆమె ఎవరు?’ హిందీ ‘వో కౌన్ థీ’కి తెలుగు రూపం. తెల్లచీర, వాన, దూరంగా వినిపించే పాట, చివరికి అంతా కుట్ర అని తేలడం దాని పద్ధతి. దయ్యాన్ని చూపించి, చివర్లో మనిషి పనేనని ఒప్పించే ఈ పద్ధతి చాలాకాలం నడిచింది.

హిందీలో రామ్సే సోదరులు 1972లో ‘దో గజ్ జమీన్ కే నీచే’తో ఇంకో దారి వేశారు. పాడుబడ్డ హవేలీ, గొలుసులు, ముఖానికి మందంగా మేకప్. ‘పురానా మందిర్’ (1984), ‘వీరానా’ (1988) ఆ దారిలోనివే. వాటికి పెద్ద నగరాల్లో కంటే చిన్న పట్టణాల హాళ్లలోనే ఎక్కువ గిరాకీ.

తెలుగువాళ్లను నిజంగా భయపెట్టింది మాత్రం సినిమా కాదు, వారపత్రిక. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమిలో సీరియల్‌గా వచ్చినప్పుడు ఒక మధ్యతరగతి ఇంట్లో, చదువుకున్న తల్లిదండ్రుల కళ్లముందే, చిన్నపిల్ల మీద క్షుద్రప్రయోగం జరగడం పాఠకుల్ని పట్టి కుదిపింది. యండమూరి నవల ఆధారంగా 1986లో ‘కాష్మోరా’ సినిమా కూడా వచ్చింది. కోటలూ గుహలూ వదిలేసి భయం అద్దె ఇంట్లోకి, మన వంటగదిలోకి వచ్చింది ఈ నవలలతోనే. వర్మ గురించి రాసేవాళ్లు ‘ఎగ్జార్సిస్ట్’ (1973) పేరు తప్పక చెబుతారు. ఆయన కూడా ఆ సినిమాను ఎన్నోసార్లు మెచ్చుకున్నాడు. ఈ పక్కనే ఉన్న తెలుగు వారపత్రికల వారసత్వాన్ని మాత్రం చాలామంది లెక్కలోకి తీసుకోరు. తీసుకోవాలి.

రాత్రి నుంచి భూత్ దాకా

విజయవాడ సిద్ధార్థ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి, హైదరాబాద్‌లో వీడియో లైబ్రరీ నడిపిన కుర్రాడు 1989లో ‘శివ’ తీశాడు. స్టెడీకామ్ అనే పరికరం పేరు తెలుగువాళ్ల నోట పడింది ఆ సినిమాతోనే. ఆయన తండ్రి కృష్ణంరాజు అన్నపూర్ణ స్టూడియోస్‌లో సౌండ్ ఇంజినీరు. కొడుకు సినిమాల్లో చప్పుడుకు ఎందుకంత ప్రాధాన్యం అని వెతికేవాళ్లకు ఈ సంగతి పనికొస్తుంది. అయితే దీన్ని మరీ లాగితే జాతకం చెప్పినట్టవుతుంది.

‘రాత్రి’ తెలుగు, హిందీ భాషల్లో తీసిన సినిమా. రేవతి ప్రధాన పాత్ర, తాంత్రికుడిగా ఓంపురి. తర్వాత దర్శకుడైన తేజ ఛాయాగ్రాహకుడు. నేపథ్య సంగీతం మణిశర్మది, ఆయన పేరు ఇంకా ఎవరికీ తెలియని రోజుల్లో. కథ రెండు ముక్కల్లో చెప్పొచ్చు: ఒక కుటుంబం కొత్త ఇంట్లోకి మారుతుంది, ఆ ఇంటి కింద ఉన్నదేదో కూతుర్ని పట్టుకుంటుంది. కెమెరా నేలకు ఆనుకుని ఇంటి వైపు పాక్కుంటూ వస్తుంది. చూస్తున్నది ఎవరో చెప్పదు. అమెరికాలో సామ్ రైమీ ‘ఈవిల్ డెడ్’లో అడవిలో పరిగెత్తించిన కెమెరాకు ఇది చుట్టమే. కానీ రైమీ అడవిని వాడుకుంటే, వర్మ దాన్ని గేటు దాటించి, మెట్లెక్కించి, నిద్రపోతున్న అమ్మాయి మంచం దాకా తెచ్చాడు.

అంతకంటే గట్టి సంగతి పగటి వెలుగు. రామ్సేల దయ్యానికి అమావాస్య కావాలి, పాడుబడ్డ బంగళా కావాలి. ‘రాత్రి’లో పేరుకే రాత్రి, పెరట్లో ఎండ ఉండగానే, తల్లి పనిలో ఉండగానే, పిల్లాడు పిల్లిపిల్లతో ఆడుకుంటుండగానే ఏదో తేడా మొదలవుతుంది. జనంతో కిటకిటలాడే సినిమా హాలు కూడా ఇందులో భయపడే చోటే. టికెట్ కొని హాల్లో కూర్చున్న ప్రేక్షకుడు అది చూస్తున్నాడన్న మాట మరవకూడదు.

సినిమా ఆడలేదు. 1996లో జయసుధ, జె.డి. చక్రవర్తి, మహేశ్వరిలతో తీసిన ‘దెయ్యం’ కూడా పెద్దగా ఆడలేదు. ఊరి బయట ఫామ్‌హౌస్, దాని కింద శ్మశానం. ‘సత్య’ (1998) తర్వాత హిందీలో నిలదొక్కుకున్నాక 1999లో ‘కౌన్’ వచ్చింది. అనురాగ్ కశ్యప్ రాసిన కథ. ఒక ఇల్లు, ముగ్గురు మనుషులు, బయట వాన, టీవీలో హంతకుడి వార్త, ఆగకుండా మోగే కాలింగ్‌బెల్. పాటల్లేవు. ఊర్మిళా మాతోండ్కర్ తలుపు తీయడానికీ తీయకపోవడానికీ మధ్య ఊగిసలాడుతుంటే, బయట మనోజ్ బాజ్‌పేయి మర్యాదగా, విసుగు పుట్టించేంత మర్యాదగా, బతిమాలుతుంటాడు. దయ్యం లేని ఈ సినిమాను హారర్ అనాలా వద్దా అన్నది ఇప్పటికీ ఒక వాదన. అందులో అంత సారం లేదు.

అసలు విజయం 2003లో ‘భూత్’. అజయ్ దేవగణ్, ఊర్మిళ ముంబైలో పన్నెండో అంతస్తులో ఫ్లాట్ తీసుకుంటారు. అంతకుముందు అక్కడ ఉన్న ఆడమనిషి చనిపోయిందని భర్తకు తెలుసు, పట్టింపు లేదు కాబట్టి భార్యకు చెప్పడు. సినిమా మొత్తం ఈ చిన్న దాపరికం మీద నిలబడింది. రాత్రి ఆమె మంచినీళ్ల కోసం హాల్లోకి వస్తుంది. అద్దంలో ఆమె వెనక ఇంకొకరు ఉంటారు, ఆమె చూసేసరికి ఉండరు. ఇంకో రాత్రి నిద్రలో నడుస్తూ కిందికి వెళ్లిపోతుంది, తెల్లారి వాచ్‌మన్ శవం దొరుకుతుంది. లిఫ్టు, ఖాళీ పార్కింగు, పొడవాటి వరండా లాంటి అపార్టుమెంటు బతుకులోని మామూలు వస్తువులన్నీ అనుమానం పుట్టిస్తాయి. సలీం-సులేమాన్ నేపథ్య సంగీతం, ద్వారక్ వారియర్ శబ్దరూపకల్పన ఆ పని సగం చేశాయి. ఊర్మిళకు ఫిలింఫేర్ విమర్శకుల అవార్డు వచ్చింది. పాట లేకుండా, పెద్ద తారలతో తీసిన దయ్యం సినిమా హిట్టవడం హిందీ పరిశ్రమకు అప్పట్లో వింతే.

ఫ్యాక్టరీ రోజులు, ఆ తర్వాత

‘భూత్’ ఏడాదే ఆయన నిర్మాణంలో ప్రవాళ్ రామన్ ‘డర్నా మనా హై’ తీశాడు, ఆరు కథల కట్ట. మరుసటేడు సుస్మితా సేన్‌తో ‘వాస్తు శాస్త్ర’. 2006లో ‘డర్నా జరూరీ హై’కి వర్మతో పాటు అరడజను మంది దర్శకులు తలా ఒక కథ తీశారు, వాళ్లలో జె.డి. చక్రవర్తి ఒకడు. ఆయన కంపెనీకి ఫ్యాక్టరీ అన్న పేరు ఊరికే రాలేదు.

2008లో ‘ఫూంక్’ తక్కువ ఖర్చుతో వచ్చి, ఒంటరిగా హాల్లో కూర్చుని చూసినవాళ్లకు 5 లక్షల రూపాయలన్న పందెంతో వార్తల్లోకెక్కింది. తెలుగులో అది జగపతిబాబు ‘రక్ష’ అయింది. 2009లో ‘అజ్ఞాత్’, తెలుగులో ‘అడవి’: సినిమా యూనిట్ అడవికి వెళ్తుంది, ఒక్కొక్కరే చస్తారు, చంపేదేమిటో చూపించకుండానే రెండో భాగం ఉందని చెప్పి ముగుస్తుంది. ఆ రెండో భాగం రానేలేదు. 2012లో త్రీడీలో ‘భూత్ రిటర్న్స్’. 2014లో తెలుగులో ‘ఐస్‌క్రీమ్’, అదే ఏడాది ‘ఐస్‌క్రీమ్ 2’. ఫ్లోకామ్ అనే కొత్త కెమెరా పరికరం వాడామన్నదే మొదటిదానికి పెద్ద ప్రచారం. నవదీప్, తేజస్వి మదివాడ కథలో ఉన్నారు గానీ అసలు తార ఫ్లోకామే.

2021లో రాజశేఖర్‌తో చాలా ఏళ్ల కిందట మొదలైన సినిమా ‘ఆర్జీవీ దెయ్యం’గా బయటికొచ్చింది. అదే ఏడాది ఎం.ఎం. కీరవాణి సంగీతంతో ‘12 ఓ క్లాక్’. రెండూ వచ్చినట్టు చాలామందికి తెలియను కూడా తెలియదు.

ఎవరి వాదన ఏమిటి

మెచ్చుకునే పక్షానికి ఆయుధం పరికరాలు, పద్ధతి. పాటలు తీసేశాడు, హాస్యనటుల ట్రాకు తీసేశాడు, నగర గృహాన్ని భయస్థలం చేశాడు, చప్పుడును కథకుడి స్థానంలో కూర్చోబెట్టాడు అంటారు. ‘రాత్రి’ వచ్చినప్పుడు ఆడకపోయినా టీవీలో, సీడీల్లో, తర్వాత యూట్యూబ్‌లో కొత్త అభిమానుల్ని సంపాదించుకోవడం వీళ్లకు పెద్ద సాక్ష్యం. ప్రపంచంలోనూ ఇలాంటివి ఉన్నాయి. జాన్ కార్పెంటర్ ‘ద థింగ్’ 1982లో దెబ్బతిని, తర్వాత తరానికి పాఠ్యపుస్తకమైంది.

దిగజారుడు పక్షం కూడా ప్రపంచం నుంచే ఉదాహరణ తెస్తుంది. ‘సస్పీరియా’ (1977) తీసిన ఇటలీ దర్శకుడు డారియో అర్జెంటో చివరి సినిమాలను ఆయన అభిమానులే భరించలేకపోయారు. వర్మదీ అదే దారి అంటారు. కుర్చీ కింద నుంచి, ఫ్యాన్ పై నుంచి, టీ కప్పు వెనక నుంచి చూసే కెమెరా మొదట భయపెట్టింది, తర్వాత అలవాటైంది, చివరికి నవ్వు తెప్పించింది. ఉన్నట్టుండి పెద్ద చప్పుడు చేస్తే ఎవడైనా ఉలిక్కిపడతాడు. ఉలిక్కిపడటం వేరు, భయపడటం వేరు అన్నది వీళ్ల మాట. ప్రచారం సినిమాను మింగేసిందన్నది ఇంకో ఫిర్యాదు.

ఈ రెంటి పక్కన ఇంకో మాట కాస్త తక్కువ వినబడుతుంది. వర్మను దర్శకుడిగా కంటే దారి తెరిచినవాడిగా చూడాలంటారు వీళ్లు. ‘భూత్’ ఆడింది కాబట్టే హిందీలో పాటల్లేని హారర్‌కు డబ్బు పెట్టేవాళ్లు దొరికారు. మణిశర్మ, తేజ లాంటివాళ్లకు తొలి అడుగుల్లో ‘రాత్రి’ ఒకటి.

ఈ మూడింటిలో మొదటి రెండూ ఒకే తప్పు చేస్తున్నాయి. మెచ్చుకునేవాళ్లు కెమెరానే పొగుడుతున్నారు, తిట్టేవాళ్లు కెమెరానే తిడుతున్నారు. కెమెరా 1992లోనూ పాకింది, 2014లోనూ పాకింది. మారింది ఇల్లు. ‘రాత్రి’లో తల్లీతండ్రీ, మేనల్లుడు, పెంపుడు పిల్లి, పొరుగువాళ్ల రాకపోకలు ఉన్నాయి, కూతురు మారిపోతోందని ఆ ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో వేళ తెలుస్తుంది. ‘భూత్’లో మొగుడూ పెళ్లాల మధ్య ఒక దాపరికం ఉంది. ‘కౌన్’లో రక్తసంబంధం లేకపోయినా తలుపుకు ఇవతలా అవతలా నిలబడ్డ ఇద్దరి మధ్య నమ్మాలా వద్దా అన్న బేరం నడుస్తుంది. అంటే భయపడటానికి ముందు పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంది. ‘ఐస్‌క్రీమ్’లో పెద్ద బంగళా, ఒక అమ్మాయి, మెట్ల చుట్టూ తిరిగే పరికరం. ఆ ఇల్లు ఎవరిదో, అక్కడ నిన్న ఏం వండుకున్నారో సినిమాకు అక్కర్లేదు. ‘అజ్ఞాత్’లో చచ్చేవాళ్ల పేర్లు ఇంటర్వెల్ తర్వాత గుర్తుండవు. ‘ఫూంక్’ కథనం ఎంత మొరటుగా ఉన్నా కొంతవరకు పట్టి కూర్చోబెట్టిందంటే, మంచం మీద ఉన్నది ఒక తండ్రి ముద్దుల కూతురు కాబట్టే.

చేతబడి అనే చిక్కు

సినిమా పత్రికల్లో పెద్దగా కనబడని ఒక అభ్యంతరం నెల్లికుదురు, తొర్రూరు, కేసముద్రం వైపు నుంచి చూస్తే ముందుకొస్తుంది. 2016లో వరంగల్ నుంచి విడిపోయి మహబూబాబాద్ జిల్లా అయిన ఈ నేల ఒక్కటే కాదు, తెలంగాణ పల్లెల్లో చాలాచోట్ల బాణామతి, చేతబడి అన్నవి తెర మీది మాటలు కావు. జ్వరం తగ్గకపోయినా, గేదె పాలు ఆగినా, వరసగా ఇద్దరు పోయినా ఎవరో ఒకరి మీద అనుమానం. ఆ అనుమానంతో ముసలివాళ్లను కొట్టిన, చంపిన కేసులు పోలీసు రికార్డుల్లో ఉన్నాయి. జాతీయ నేర రికార్డుల బ్యూరో హత్యల కారణాల పట్టికలో మంత్రతంత్రాల అనుమానానికి విడిగా ఒక గడి ఉంది. హేతువాది నరేంద్ర దాభోల్కర్ హత్య తర్వాత 2013లో మహారాష్ట్ర, 2017లో కర్ణాటక దీనిమీద చట్టాలు చేశాయి. ఇక్కడ జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు బడుల్లో, ఊరి నడిబొడ్డున నిప్పు మీద నడిచి, మహిమల వెనకున్న కిటుకు విప్పి చూపిస్తూ వచ్చారు.

ఈ కోణంలో చూస్తే అన్ని సినిమాలకూ ఒకే తప్పు అంటగట్టడం కుదరదు. ‘భూత్’లో దయ్యానిది చేతబడి కథ కాదు, అందని న్యాయం కథ, చివరికి నేరస్థుడు మనిషే, జైల్లోకి వెళ్లేదీ మనిషే. ‘రాత్రి’లో తాంత్రికుడు గెలుస్తాడు కానీ పక్కింటివాణ్ని అనుమానించమని చెప్పదు. అసలు గుచ్చుకునేది ‘ఫూంక్’. అందులో తండ్రి నాస్తికుడైన ఇంజినీరు, కట్టే చోట దొరికిన వినాయకుడి రాయికి గుడి కట్టనంటాడు. పనిలోంచి తీసేసిన దంపతులు పగబట్టి పిల్ల మీద చేతబడి చేయిస్తారు. డాక్టర్లు చేతులెత్తేస్తారు, మంత్రగాడు కాపాడతాడు. ఇక్కడ అనుమానించినవాడు తప్పు చేయలేదు, అనుమానించనివాడే తప్పు చేశాడు. ఊళ్లో కర్ర పట్టుకుని బయల్దేరేవాడి తర్కం సరిగ్గా ఇదే. తనను తాను నాస్తికుణ్నని చెప్పుకునే వర్మ ఈ కథ చెప్పడం ఆయన అభిమానులకు తమాషాగా, హేతువాదులకు ద్రోహంగా కనిపించింది.

సమర్థించేవాళ్ల జవాబు సూటిగా ఉంటుంది. భయం కల్పన, ఎవడూ సినిమా చూసి చేతబడి నమ్మడం మొదలుపెట్టడు, నమ్మకం ముందే ఉంది కాబట్టే సినిమా పనిచేస్తుంది. ఇది సగం నిజం. ‘తులసిదళం’ మీద కూడా ఇవే ఆరోపణలు, ఇవే జవాబులు నడిచాయి. పైగా ఆ నవల సైన్సుకూ క్షుద్రవిద్యకూ మధ్య తగువును చర్చించడానికైనా ఒప్పుకుంది. ‘ఫూంక్’ ఆ చర్చకు తావివ్వలేదు.

తేలనివి

వర్మను తెలుగు దర్శకుడిగా లెక్కేయాలా, హిందీ దర్శకుడిగానా అన్నది మొదటి చిక్కు. ఆయన హారర్‌లో గట్టివి హిందీవి, పునాది తెలుగుది. ఆయనతో పని లేకుండా తెలుగు తెర తన దారి తాను వేసుకుంది. 2009లో కోడి రామకృష్ణ ‘అరుంధతి’ గద్వాల సంస్థానం కథతో, గ్రాఫిక్స్‌తో, అనుష్కతో బాక్సాఫీసును ఊపేసింది. అందులో వర్మ జాడ లేదు, ‘అమ్మోరు’ జాడ ఉంది. 2012లో రవిబాబు ‘అవును’ ఒక ఇంట్లో, కొత్తగా పెళ్లయిన జంటతో తీసినది, ఇది మాత్రం వర్మకు దగ్గర. 2013లో ‘ప్రేమకథాచిత్రమ్’ ఆడాక దయ్యాలన్నీ కామెడీలోకి వలసపోయాయి. ‘గీతాంజలి’, ‘రాజుగారి గది’, ‘ఆనందో బ్రహ్మ’ వరసగా వచ్చిన ఆ ఏళ్లలో నవ్వించకుండా భయపెడతానంటే నిర్మాత దొరకడం కష్టమైంది.

రెండోది వారసుల సంగతి. 2022లో వచ్చిన ‘మసూద’లో తల్లీకూతుళ్లు ఉండే అపార్టుమెంటు, ఎదురింట్లో మొహమాటస్తుడైన కుర్రాడు. దయ్యం బయటపడే ముందు దాదాపు సగం సినిమా వాళ్ల రోజువారీ బతుకే. ‘భూత్’ పాఠం నేర్చుకున్నది ఇదే అనిపిస్తుంది, కెమెరా విన్యాసం తక్కువైనా.

‘మా ఊరి పొలిమేర’ (2021), దాని రెండో భాగం, ‘విరూపాక్ష’ (2023) మాత్రం భయాన్ని మళ్లీ పల్లెకు తీసుకెళ్లాయి. ‘విరూపాక్ష’లో క్షుద్రపూజలు చేస్తున్నారని ఒక జంటను ఊరివాళ్లు సజీవంగా తగలబెడతారు. సినిమా ఆ మంటను దారుణంగానే చూపిస్తుంది. కానీ పన్నెండేళ్ల తర్వాత వాళ్లు పెట్టిన శాపం నిజమై ఊళ్లో శవాలు లేస్తుంటే, ఆ రాత్రి కాగడాలు పట్టుకున్నవాళ్ల అనుమానం వట్టిది కాదని కూడా చెప్పినట్టవుతుంది. 2008లో ‘ఫూంక్’ దగ్గర మొదలైన ఈ తగువులో ఇప్పుడు వర్మ లేడు, కొత్త దర్శకులున్నారు. వాళ్లను ఆ ప్రశ్న గట్టిగా అడిగిన సమీక్షలు చాలా తక్కువ.